హాలోవీన్ కాగితం బొమ్మలు: మీ పిల్లల చేతికి ఏది నప్పుతుంది?

హాలోవీన్‌కి పిల్లలతో కాగితం బొమ్మలు చేయిద్దామని ఫోన్ తీస్తే వీడియోలకి కొదవ లేదు. అన్నీ ఐదు నిమిషాల పనిలాగే కనిపిస్తాయి. తీరా కూర్చున్నాక పిల్లవాడు గమ్ డబ్బా మూతతో ఆడుకుంటూ ఉంటాడు. తల్లి ఒక్కతే కత్తిరిస్తూ, అతికిస్తూ, మధ్యలో లేచి పొయ్యి మీద పప్పు చూసుకుంటూ బొమ్మ పూర్తి చేస్తుంది. మర్నాడు స్కూల్లో చప్పట్లు మాత్రం వాడికి. అందుకే బొమ్మ అందం సంగతి తర్వాత చూద్దాం. కత్తెర ఎవరి చేతిలో ఉండబోతోందో ముందు తేల్చుకుంటే సగం బొమ్మలు జాబితాలోంచి వాటంతటవే పోతాయి.

విజయవాడలో బెంజి సర్కిల్, పటమట వైపు కొన్ని అపార్ట్‌మెంట్లలోనూ, గుంటూరులో కొన్ని ప్లే స్కూళ్ళలోనూ అక్టోబరు 31కి ఏదో ఒక హడావిడి ఉంటోంది. ఈ పండుగ ఐర్లండ్, స్కాట్లండ్ ప్రాంతాల్లో వేళ్ళూనుకున్నది. నవంబరు 1న క్రైస్తవులు జరుపుకునే సకల పునీతుల పండుగకి ముందు రాత్రి ఇది. అక్కడివాళ్ళు మొదట్లో టర్నిప్ దుంపని తొలిచి, దానికి భయంకరమైన ముఖం చెక్కి, లోపల దీపం పెట్టేవాళ్ళు. వలస వెళ్ళినవాళ్ళకి అమెరికాలో గుమ్మడికాయలు దొరికాయి. అవి పెద్దవి, తొలవడం తేలిక. అలా గుమ్మడికాయ ఈ పండుగకి గుర్తయిపోయింది. మన గుమ్మాలకి కళ్ళూ కోరలూ గీసి వేలాడదీసే దిష్టి గుమ్మడికాయని రోజూ చూసే పిల్లలకి ఇదేమంత వింత కాదు. మనది బూడిద గుమ్మడి, వాళ్ళది తియ్య గుమ్మడి, అంతే తేడా.

ముందు కాగితం

వీడియోల్లో చెప్పే కన్‌స్ట్రక్షన్ పేపర్ (దళసరి రంగు కాగితం), పైప్ క్లీనర్లు (నూగు చుట్టిన సన్న తీగలు), టాయిలెట్ రోల్ గొట్టాలు మన వీధి చివర షాపులో అడిగితే అతను మన మొహంకేసి చూస్తాడు. వాటి కోసం ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టనక్కర్లేదు. గొట్టం కావాలంటే పాత శుభలేఖ ఒకటి చుట్టి స్టేప్లర్ కొట్టండి. ప్రతి ఇంట్లోనూ టీవీ కింద సొరుగులో ఒక కట్ట శుభలేఖలు ఎలాగూ ఉంటాయి, ఆ అట్ట ఏ గొట్టానికీ తీసిపోదు. పైప్ క్లీనర్ బదులు ఊలు దారం. అంటించే కళ్ళ బదులు, పంచింగ్ మిషన్ కొట్టినప్పుడు రాలే తెల్ల చుక్కలు.

అసలు ఎంపిక మూడు రకాల కాగితాల మధ్యే. రంగుల ఏ4 కాగితానికి రెండు వైపులా ఒకే రంగు ఉంటుంది, మడిచినా చుట్టినా మాట వింటుంది. చార్ట్ దళసరి, గబ్బిలాలకీ మాస్కులకీ బాగా నిలబడుతుంది. కానీ షాపువాడు రబ్బరు బ్యాండ్ వేసి చుట్ట చుట్టి ఇస్తాడు, ఇంటికి తెచ్చి విప్పితే మళ్ళీ చుట్టుకుపోతుంది. తేగానే రివర్స్‌లో ఒకసారి చుట్టి, రాత్రంతా పరుపు కింద పెట్టేయండి. గ్లేజ్ పేపర్‌కి ఒక వైపే మెరిసే రంగు, వెనక తెలుపు. మడతల బొమ్మలకి అది బంగారం. పట్టీల బొమ్మలకి మాత్రం వద్దు, లోపలి తెలుపంతా కనబడుతుంది.

వాతావరణాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. అక్టోబరు ఆఖరంటే మనకి ఈశాన్య రుతుపవనాల రోజులు, బంగాళాఖాతంలో వాయుగుండాల సీజన్. 2025లో మొంథా తుఫాను అక్టోబరు 28 రాత్రే తీరం దాటింది. ముసురు పట్టిందంటే పల్చటి కాగితం మెత్తబడి వాలిపోతుంది, తెల్ల గమ్ ఒక పట్టాన ఆరదు. అలాంటప్పుడు గమ్ స్టిక్కో, స్టేప్లరో, దారమో నయం. మైదా ఉడికించి జిగురు చేసుకునే పాత పద్ధతి చవకే, కాకపోతే బొద్దింకలకి అది విందు. బైండింగ్ వాళ్ళు పురుగు పట్టకుండా ఆ జిగురులో మైలతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలు వేళ్ళు నోట్లో పెట్టుకునే పనిలో దాన్ని దగ్గరికి రానీయకండి.

సామాను కోసం విజయవాడలో లెనిన్ సెంటర్, ఏలూరు రోడ్డు వైపు, గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట వైపు స్టేషనరీ షాపులు చాలు. అపార్ట్‌మెంట్ పిల్లలందరికీ కలిపి కొంటే మాత్రం వన్ టౌన్, పట్నంబజారు హోల్‌సేల్ దుకాణాలకి వెళ్ళడమే లాభం.

పట్టీల గుమ్మడికాయ: నా ఓటు దీనికే

నారింజ రంగు ఏ4 కాగితం ఒకటి తీసుకోండి. పొడుగు వైపున రెండేసి సెంటీమీటర్ల పట్టీలు కోస్తే పది వస్తాయి. ఒక గుమ్మడికాయకి ఆరు చాలు. ఆరింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండు చివర్లా, నడి మధ్యలో ఒక్కో చిల్లు పొడవండి. మధ్య చిల్లులోంచి ఆఫీసు ఫైళ్ళకి కట్టే ట్యాగ్ దూర్చి, కింద ముడి వేసి, పట్టీలని చక్రం ఆకుల్లా చుట్టూ పరవండి. ఇప్పుడు ఒక్కో చివరనీ పైకి వంచి అదే ట్యాగ్‌కి వరసగా గుచ్చుకుంటూ పోతే కాయ దానంతటదే గుండ్రంగా లేస్తుంది. పైన ఇంకో ముడి వేసి కొంచెం కిందకి నొక్కితే అచ్చం గుమ్మడికాయలాగా పక్కలకి ఉబ్బుతుంది. అడ్డంగా తొమ్మిది సెంటీమీటర్లు ఉంటుంది. ట్యాగ్ ఆకుపచ్చది దొరికితే తొడిమ కూడా వచ్చినట్టే.

గమ్‌తో చేయమని చాలా వీడియోల్లో చూపిస్తారు. పన్నెండు చివర్లు ఒకే చోట ఒకదాని మీద ఒకటి అతకాలంటే పెద్దవాళ్ళకే చిరాకు, నాలుగోది పెట్టేలోపు మొదటిది ఊడిపోతుంది. ట్యాగ్‌కైతే చివర ఇనప మొన ఉంటుంది, పిల్లలు పూలు గుచ్చినంత హాయిగా గుచ్చుతారు.

ఈ బొమ్మకి నేను ఓటు వేయడానికి కారణం పని పంపకం. ఎనిమిదేళ్ళది స్కేలు పెట్టి గీతలు గీస్తుంది. ఆరేళ్ళవాడు గీత వెంబడి కత్తిరిస్తాడు. నాలుగేళ్ళది ట్యాగ్‌కి గుచ్చుతుంది. పంచింగ్ మిషన్ నొక్కడానికి ముగ్గురూ కొట్టుకుంటారు, అది ఎలాగూ తప్పదు. పట్టీ కాస్త వంకర పోయినా కాయ పాడవదు, గుమ్మడికాయ చారలు ఎక్కడైనా సమంగా ఉంటాయా? కళ్ళూ నోరూ నల్ల కాగితంతో కత్తిరించి చివర్లో అంటించుకోవచ్చు. మా పక్కింట్లో ఐదేళ్ళ పాప తన గుమ్మడికాయకి కోరలు వద్దని మీసాలు పెట్టింది. ఎవరే ఇది అంటే "మా తాతయ్య" అంది. తాతయ్య ఆ మీసాల్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసుకున్నారు.

మిగిలిన నాలుగు పట్టీలని సగానికి కోస్తే చిన్న పిందె ఒకటి వస్తుంది. పారేయకండి.

గబ్బిలాల దండ

నల్ల చార్ట్‌ని మడిచి, మడత పక్కన సగం గబ్బిలం గీసి కత్తిరిస్తే రెండు రెక్కలూ సమానంగా వస్తాయి. ఐదు నిమిషాల పని అని వీడియోలో చెప్పిన మాట నిజమయ్యేది బహుశా దీని విషయంలోనే. గోడ నిండా కావాలంటే కూడా ఇదే దారి, ఒక్క చార్ట్‌లో చిన్నా పెద్దా కలిపి బోలెడు గబ్బిలాలు వస్తాయి.

రెండు చిక్కులున్నాయి. నల్ల చార్ట్ మీద పెన్సిల్ గీత కనబడదు. తెల్ల క్రేయానో, బలపమో, సుద్దముక్కో ఇవ్వండి. రెండోది కత్తెర పని. మూడేళ్ళ పిల్లలు కాగితం అంచుని చిన్నచిన్నగా కత్తిరించగలరు, అంతే. నాలుగూ ఐదేళ్ళకి సూటి గీత వస్తుంది. రెక్క కింద ఉండే వంపులు తిప్పడం ఆరు దాటితే గానీ కుదరదు, అదీ కాగితం తిప్పుతూ కోయడం అలవాటైతేనే. ఆరేళ్ళలోపు పిల్లలకి వంపుల బదులు మూడు మూలల పళ్ళు గీసి ఇవ్వండి, గబ్బిలం గబ్బిలంలాగే ఉంటుంది.

ఎడమచేతి వాటం పిల్లలకి కత్తెర తెగడం లేదంటే తప్పు వాళ్ళది కాదు. మామూలు కత్తెర కుడిచేతి కోసం చేసింది, ఎడమచేత్తో పట్టుకుంటే కోయాల్సిన గీత బ్లేడు వెనక దాక్కుంటుంది. చెయ్యి మార్చమని పోరు పెట్టే బదులు ఎడమచేతి కత్తెర ఒకటి కొనివ్వండి. దొరక్కపోతే ఆ పిల్లకి మడతలు పెట్టే పని అప్పజెప్పండి.

గోడకి సెల్లో టేప్‌తో అంటిస్తే తీసేటప్పుడు పెయింట్ పెచ్చు కూడా వస్తుంది, అద్దె ఇల్లయితే ఇంక చెప్పక్కర్లేదు. ఫ్రిజ్ తలుపు, బీరువా, కిటికీ అద్దాలు ఉన్నాయి కదా. లేదా దారానికి కట్టి కిటికీ ఊచలకి వేలాడదీయండి, గాలికి ఎగురుతాయి కూడా.

సాలెగూడు, ఓరిగామి: పెద్ద పిల్లలకి

సాలెగూటికి కావలసింది చదరపు కాగితం. ఏ4 ని 21 సెంటీమీటర్ల దగ్గర కోస్తే సరిపోతుంది. ఎదురెదురు మూలలు కలిపి ఒకసారి మడవండి. వచ్చిన త్రికోణంలో రెండు మొనలు కలిపి మళ్ళీ, ఇంకోసారి మళ్ళీ. ఇప్పుడు కాగితం నడిబొడ్డు ఒక మొనలో ఉంటుంది. ఒక మడత అంచు నుంచి రెండో అంచు వైపుకి వంపుగా సన్నని పట్టీలు కోసి తీసేయండి, కానీ రెండో అంచుకి అర సెంటీమీటరు ముందే ఆగిపోవాలి. ఆ ఆగడంలోనే ఉంది కిటుకంతా. అటు చివరిదాకా కోసేస్తే విప్పినప్పుడు ముక్కలు రాలిపడతాయి. ఎనిమిది పొరలు ఒకేసారి తెగాలి గనక దళసరి కాగితం పనికిరాదు. ముందు పాత దినపత్రిక మీద ఒకటి కోయించండి. ఏడేళ్ళు దాటిన పిల్లలకి మడత విప్పే ఆ క్షణం భలే ఇష్టం. ఇంకా చిన్నవాళ్ళయితే చూడ్డం వరకే.

ఓరిగామి, అంటే ఒట్టి మడతలతోనే చేసే గబ్బిలాలు, దయ్యాలు చూడముచ్చటగా ఉంటాయి. కత్తెరా గమ్మూ అక్కర్లేదు, ఇల్లు చెత్త కాదు. కానీ అంచుకి అంచు సరిగ్గా కలవకపోతే రెండో మడతలో తేడా వస్తుంది, ఐదో మడతకి బొమ్మే రాదు. ఓపికున్న ఎనిమిదేళ్ళ పిల్లకి, సెలవు రోజు మధ్యాహ్నం, అది కూడా మీరు ముందురోజు ఒకటి చేసి చూసుకున్నాక అయితే సరే. తమ్ముడు పక్కన కూర్చుని కాగితం లాగుతుంటే మాత్రం ఇది పెట్టుకోకండి.

నాలుగేళ్ళ లోపువాళ్ళకి

పాత పేపరు ఉండ చేసి, మీద తెల్ల టిష్యూ కప్పి, మెడ దగ్గర దారం కడితే దయ్యం తయారు. కళ్ళు స్కెచ్ పెన్నుతో రెండు చుక్కలు. కత్తెర లేదు, గమ్ లేదు. పేపరు ఉండ చుట్టడమే వాళ్ళకి పెద్ద ఆట. తడి చేతులతో ముట్టుకుంటే టిష్యూ చిరిగిపోతుంది గనక రెండు పొరలు వేయండి. ఫ్యాన్‌కి దూరంగా కట్టండి.

మాస్క్ కొనాలా, చేయాలా?

పేపర్ ప్లేట్ మాస్క్ ఫొటోలో బాగా పడుతుంది, ఒంటి మీద నిలవదు. మన ఉక్కపోతకి పిల్లలు రెండు నిమిషాల్లో పీకి పారేస్తారు. అయినా పట్టుబడితే, టిఫిన్లకి వాడే వెండి పూత ప్లేట్లు తేకండి, వాటి మీద రంగు నిలబడదు. సాదా తెల్లవి కావాలి. ఎలాస్టిక్ కట్టే బదులు కింద ఐస్‌క్రీమ్ పుల్లో, రెండు మూడు చీపురు పుల్లలు కలిపో అంటిస్తే మొహానికి అడ్డం పెట్టుకుని ఆడి దింపేస్తారు. కళ్ళకి చిల్లులు మాత్రం మీరే పెట్టాలి.

ఆన్‌లైన్‌లో దొరికే కిట్లలో అన్నీ ముందే కత్తిరించి ఉంటాయి. వెనక స్టిక్కర్ తీసి అంటించడమే. పదిమంది పిల్లల పార్టీకి, ఒక గంటలో ఐపోవాలంటే అవి పనికొస్తాయి, తప్పు పట్టను. ఇంట్లో ఒకరిద్దరు పిల్లల కోసమైతే దండగ. అరగంటలో ఐపోయి "ఇంకేం చేద్దాం" అంటారు. రెండు చార్టులు, ఊలు ఉండ, గమ్ స్టిక్ కలిపినా ఆ ఖర్చులో కొంతే అవుతుంది, మిగిలినవి సంక్రాంతి సెలవుల దాకా వాడుకోవచ్చు. ప్రింట్లు తీయించాలనుకుంటే జిరాక్స్ షాపులో కలర్ అడగకండి. గీతలు మాత్రమే ఉన్న బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో తీయించి రంగులు పిల్లల్నే వేయనివ్వండి.

దీపం పెట్టాలనిపిస్తే

గుమ్మడికాయ చేశాక లోపల వెలుగు ఉంటే బాగుంటుందని పిల్లలు తప్పకుండా అడుగుతారు. దీపావళి దగ్గర్లో ఉంటే ఇంట్లో ప్రమిదలూ ఉంటాయి. కాగితం లోపల నూనె దీపం గానీ కొవ్వొత్తి గానీ పెట్టే ఆలోచనే వద్దు, "నేను పక్కనే ఉంటాలే" అన్నా సరే. దీపావళి సామాన్లతో పాటు అమ్మే బ్యాటరీ దీపాలు పెట్టుకోండి.

అక్కడా ఒక జాగ్రత్త ఉంది. ఆ చిన్న దీపాల్లో చాలావాటికి లోపల నాణెంలాంటి బటన్ బ్యాటరీ ఉంటుంది. చిన్నపిల్లలు మింగితే అది గొంతు దిగాక అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోపే లోపలి గోడని కాల్చేయగలదు. అందుకని మూత స్క్రూతో బిగించిన దీపమే కొనండి, గోటితో ఊడొచ్చేది వద్దు. మింగారని అనుమానం వచ్చినా ఎదురుచూడకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారో

"దీపాల పండగ పెట్టుకుని ఇంట్లో దయ్యాలేంటే?" అని అమ్మమ్మ అడగడం న్యాయమే. 2024లో దీపావళి సరిగ్గా అక్టోబరు 31నే వచ్చింది. 2025లో 20వ తేదీన అయిపోయింది కాబట్టి హాలోవీన్ కార్తీక మాసంలో పడింది. 2026లో దీపావళి నవంబరు 8న, అంటే బొమ్మలు దసరాకీ దీపావళికీ మధ్య సందులో పడతాయి. ఏ ఏడు ఎలా వచ్చినా దేవుడి గది, గుమ్మం వదిలేసి పిల్లల గదిలో పెట్టుకుంటే గొడవ ఉండదు. దయ్యం, పుర్రె లాంటివి పెద్దవాళ్ళకి నచ్చకపోతే గుమ్మడికాయ, గబ్బిలం, సాలెపురుగు, నల్లపిల్లి ఉన్నాయి, పండుగ కళ ఏమీ తగ్గదు.

క్రైస్తవ కుటుంబాల్లోనూ దీన్ని ఇష్టపడనివాళ్ళున్నారు. నవంబరు 2న సమాధుల పండుగకి పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని తమవాళ్ళ సమాధుల దగ్గరికి వెళ్ళేవాళ్ళకి, సరిగ్గా దాని ముందే అస్థిపంజరాలతో సరదా ఎబ్బెట్టుగా అనిపించవచ్చు. అపార్ట్‌మెంట్ లాబీ అలంకరిస్తుంటే ముందు అందరినీ ఒక మాట అడగండి. గుమ్మడికాయలకి ఎవరూ కాదనరు.

రాత్రి తొమ్మిదింటికి మెసేజ్ వస్తే

"రేపు పిల్లలు హాలోవీన్ క్రాఫ్ట్ తీసుకురావాలి" అని స్కూల్ గ్రూపులో మెసేజ్ వచ్చేసరికి షాపు షట్టర్లు దింపేస్తుంటారు. టెన్షన్ పడకండి. నల్ల చార్ట్ లేకపోతే, పుస్తకాలకి అట్టలు వేయగా మిగిలిన బ్రౌన్ పేపర్‌తో గబ్బిలం చేయండి, నిజం గబ్బిలాల్లో గోధుమ రంగువే ఎక్కువ. రెండు పొరలు అతికిస్తే గట్టిగా నిలబడుతుంది. నారింజ కాగితం లేకపోతే తెల్ల ఏ4 మీద క్రేయాన్ రుద్ది తర్వాత పట్టీలు కోయండి. ముందు కోసి తర్వాత రంగు వేద్దామంటే పట్టీ జారిపోయి గంట పడుతుంది. పిల్లలు నిద్రకి పడిపోతే బొమ్మ మీరే పూర్తి చేసేయకండి. పట్టీలు కోసి చిల్లులు పొడిచి పెట్టుకోండి, పొద్దున్నే పాలు తాగుతూ ట్యాగ్‌కి వాళ్ళే గుచ్చుకుంటారు.

తీసుకెళ్ళే సంగతి కూడా చూసుకోవాలి. స్కూటీ మీద వెళ్ళే పిల్లలకి గబ్బిలాలు డ్రాయింగ్ పుస్తకం మధ్యలో పెట్టి పంపితే చాలు. గుమ్మడికాయ బ్యాగులో నలుగుతుంది గనక పై ముడి విప్పి, పట్టీలన్నీ ఒక దొంతర చేసి, ట్యాగ్‌తో సహా కవర్లో పెట్టివ్వండి. స్కూలుకి వెళ్ళాక మళ్ళీ గుచ్చుకోవడం రాత్రి చేసిన పిల్లలకి వచ్చేసి ఉంటుంది. చార్ట్ మాస్క్ మాత్రం చేతిలో పట్టుకుని బండి ఎక్కనివ్వకండి, బందరు రోడ్డు మీద గాలికి ఎగిరితే ఆగి ఏరుకునే పని కాదు.